తెరమీఁది యూళ్లు, తీరమందలి యూళ్లు

మా పలివెలలో వెలసిన స్వామికి కొప్పులింగేశ్వరుఁడని పేరు. ఆ పేరు వచ్చుటకు స్థలపురాణ మొక కథ చెప్పుచున్నది. పూర్వ మొక పూజారి తన ప్రియురాలగు వేశ్య కొప్పునఁ దుఱిమిన పూలదండను దెచ్చి స్వామికి సమర్పించెనఁట. ప్రసాదముగా వచ్చిన యా దండలో రాజు పొడవైన వెండ్రుక నొకదానిని జూచి, యిది యెక్కడిదని గద్దించెను. పూజారి ప్రాణభయమున, మా స్వామికిఁ గొప్పున్నదని బొంకెను. అటులైన నేనే వచ్చి చూతునని రాజనెను. అంతట భక్తునిఁ గాపాడుటకై లింగమునకు నిజముగానే కొప్పు మొలచినదఁట. చిన్ననాఁ డీ కథ విని దేవుని దయకు మురిసితిమి. పెద్దవారమైన పిమ్మట నందు వేఱొక ప్రశ్న పొడకట్టినది. పూజారి బొంకును దేవుఁడు నిజము చేసెను, సరే. ఆ పూలదండ యే స్త్రీ తలనుండి వచ్చెనో, ఆమె యేమయ్యెను? కథలో నామె మాటయే లేదు.

ప్రాఁత చలనచిత్రములలోఁ గనఁబడు స్థలములను వెదకుచు మా కోనసీమకు వచ్చువారిని జూచినపుడెల్ల నా కీ కథయే జ్ఞప్తికి వచ్చుచుండును. దర్శకుఁడు చెప్పిన మాటను నిలుపుటకై తెరమీఁదఁ గొప్పు మొలచుచున్నది. కెమెరా మన యూరి నంత యందముగాఁ జూపినది గనుక, మన యూరు ఒకప్పు డట్లే యుండెనని మనమే నమ్మి, యిప్పు డది లేదని వగచుచున్నాము. ఆ నమ్మకమును బరీక్షించుట, కొప్పు వెనుక మఱుగుపడిన పూలదండ యెవరిదో విచారించుట, ఈ వ్యాసమునకుఁ బ్రయోజనము.

ఈ వెదకులాట యిటీవల నొక వ్యాపకముగాఁ బెరిగినది. యువకులు ఫోనులో నొక దృశ్యమును నిలిపి పట్టుకొని, ఈ మేడ యెక్కడిది, ఈ రేవెక్కడ, ఈ మఱ్ఱిచె ట్టున్నదా కొట్టివేసిరా యని గట్టులవెంట నడుగుచుందురు. ఇది మన దేశమునకే చెందిన వింత కాదు. 1952లో జాన్ ఫోర్డు తీసిన 'ది క్వయట్ మాన్' చిత్రమును మఱవలేక ఐర్లండులోని కాంగ్ గ్రామమునకు నేఁటికిని యాత్రికులు పోవుచున్నారు. పనిలేనివారి పనియని దీనిని బరిహసించు పెద్దలున్నారు. నేను వారితో నేకీభవింపను. మన తొలి మాటల చిత్రమైన 'భక్త ప్రహ్లాద' 1931లో వెలువడెనని యెన్నియో యేండ్లు లోకము నమ్మినది. రెంటాల జయదేవ గారు ప్రాఁత పత్రికలను, ప్రభుత్వపు దస్తరములను శోధించి, అది తెరకెక్కినది 1932 ఫిబ్రవరి 6-వ తేదియని నిరూపించిరి. తారీఖు విషయముననే యింత పొరపా టుండఁగా స్థలముల విషయమున నెంత యుండవలెను! కాఁబట్టి వెదకుట మంచిదే. ఏమి వెదకుచున్నామన్నదే ప్రశ్న.

వెదకఁబోయినవారికి స్థలము దొరకకపోవుటకుఁ గారణములు మూఁడు. మొదటిది, ఆ స్థల మెన్నఁడును లేకపోవుట. నిడమర్తి సూరయ్యగారు రాజమహేంద్రవరమున 1936లో దుర్గా సినీటోను నెలకొల్పి, ఆంధ్రదేశముననే చిత్రములు తీయవచ్చునని చూపిరి. కాని యా ప్రయత్నము వేరూనలేదు. పరిశ్రమ చెన్నపట్టణముననే పెరిగినది. అందుచేత మన ప్రాఁత చిత్రములలో పెక్కింట వీథి యొకచోటిది, లోఁగి లొకచోటిది. నాయిక గోదావరిగట్టున గడప దాఁటి, వడపళనిలోని నిర్మాణశాలలో నడవలో నడుగు పెట్టును. అట్టి యిల్లు భూమిమీఁద నెక్కడఁ గనఁబడును? ఆ శాలలైనను నిలిచినవి కావు. విజయా వాహినీ వారి విశాలమైన యావరణములో వైద్యశాలయు, అంగళ్ల భవనమును లేచినవి.

రెండవ కారణము ప్రకృతి. గోదావరి లంకలను గట్టుచుండును, కోయుచుండును. 1986 ఆగస్టులో ధవళేశ్వరముకడ ముప్పదియైదు లక్షల ఘనపుటడుగులకుఁ దగ్గని నీరు క్షణక్షణమునకుఁ బాఱిన వరద, ఎన్ని రేవులను, ఎన్ని లంకయూళ్లను మార్చెనో గట్టుమీఁది వారెఱుఁగుదురు. 1996 నవంబరు 6-వ తేది రాత్రి తుపాను మా సీమలో లక్షలాది కొబ్బరిచెట్లను నేలఁగూల్చినది. నేఁడు చూపఱులు “ప్రాఁత సినిమాలోని తోఁట” యని మెచ్చుకొను చెట్లలోఁ బెక్కు లా తుపాను పిమ్మట నాటినవి.

మూఁడవ కారణము మనుజుల యవసరము. ఆనకట్టకు బదులుగా బారేజి వచ్చినది. రేవులున్నచోట వంతెనలు లేచినవి. కాలువలలో సరకు పడవలు నడచిన కాలము పోయి, లొల్ల లాకులు నేఁడు చిత్రముల వారికిని విహారమునకు వచ్చువారికిని సుందరస్థలముగా మిగిలినవి. వంతెన వచ్చినందుకు నేను విచారింపఁజాలను. ప్రసవవేదనతో నున్న స్త్రీని నడిరేయి పడవలో నెక్కించి యేఱు దాఁటించిన వారి నడిగినచో, రేవు సౌందర్యమెంతటిదో చెప్పుదురు. పోయినదంతయు బంగారమని తలఁచుట పోవుటకుముం దచ్చట బ్రదుకనివారి యలవాటు.

ఇఁక మా పలివెల కనతిదూరమున నున్న పులిదిండికిఁ బోదము. 1967లో వెలువడిన 'సాక్షి' చిత్రము నా యూరనే తీసిరి. బాపు దర్శకత్వమున కది తొలి ఫలము. రచన ముళ్లపూడి వెంకటరమణగారిది. కృష్ణ, విజయనిర్మల నాయకుఁడు, నాయిక. నరసాపురమునఁ బుట్టిన బాపునకును, ధవళేశ్వరమునఁ బుట్టిన రమణకును గోదావరి చూచి పోవు వింత కాదు, పుట్టినిల్లు. కథ చిన్నది. రేవు దాఁటించుచు బ్రదుకు నమాయకుఁ డొకఁడు హత్యను గన్నులారఁ జూచి, న్యాయస్థానమున నిజము చెప్పును. హంతకుఁడు పగదీర్చుకొనుటకై మరలివచ్చుచున్నాఁడని తెలిసినంతనే, నిన్నటిదాఁక వానిని మెచ్చుకొన్న యూరు తలుపులు మూసికొనును. 1952 నాఁటి యమెరికా చిత్రమైన 'హై నూన్'తో దీనికిఁ గల పోలికను విమర్శకులు గుర్తించియే యున్నారు. కాని పోలిక కథాసూత్రమువఱకే. భయము మాత్రము మన యూరిది. పెద్దమనిషి నీళ్లు నమలుట, పొరుగువాఁడు పనియున్నదని తప్పించుకొనుట, ఇవి దిగుమతి సరకులు కావు.

సాక్షి యనఁగా సాక్షాత్తుగాఁ జూచినవాఁడని వ్యుత్పత్తి. పాణిని యా పదము నీ యర్థముననే సాధించెను. కాఁబట్టి ఈ చిత్రమునకు సాక్షియను పేరు రెండు విధములఁ దగినది. కథలో నాయకుఁ డొక సాక్షి. చిత్రము తానొక సాక్షి. ఆనాఁటి పులిదిండి గట్టును, వీథిని, గోడను సాక్షాత్తుగాఁ జూచినది. రంగులు పూసిన గుడ్డతెరల నడుమఁ గాక నిజమైన యూర దీసినందువలన నందు స్థలము కథకు నగ కాలేదు, పాత్రయైనది. నేఁడు పులిదిండికిఁ బోవువా రడుగు మొదటి ప్రశ్న, నాయికానాయకుల పెండ్లి దృశ్యము దీసిన గుడి యెక్కడ యని. తెరమీఁది దంపతులు తరువాత నిజముగానే దంపతులైరి గనుక నా గుడియం దంత యాసక్తి. గుడి దొరకును, ఫొటో తీసికొని సంతోషముతోఁ బోవుదురు. కాని యా నాఁడు మూసికొన్న తలుపు లేవి, యని యడిగినవారిని నే నింతవఱకుఁ జూడలేదు. చిత్రము చెప్పఁదలఁచిన మాట తలుపులయందుండెను గాని గుడియందుఁ గాదు. తలుపులఁ గూర్చి యడిగినచో, అవి మన యింటి తలుపులేమో యను సంశయము కలుగును. అందుచేత గుడిని వెదకుట సుఖము.

ఇంకొక చిత్రమును బరిశీలింతము. ఆదుర్తి సుబ్బారావుగారి 'మూగమనసులు' 1964లో వచ్చినది. గోదావరిని జూపిన చిత్రములలో దానికిఁ గల ఖ్యాతి వేఱుగాఁ జెప్పఁ బనిలేదు. విచిత్రమేమనఁగా, అదియే యొక స్థలాన్వేషణకథ. క్రొత్తగాఁ బెండ్లియైన జంట పడవలోఁ బోవుచు సుడియొద్ద పూర్వజన్మమును దలఁచికొని, పాడువడిన యొక చోటికిఁ జేరును. అచ్చటి సమాధులను గనిపెట్టుకొని ముదుసలియైన గౌరి యుండును. ఆమె చెప్పినఁగాని యా చోటు వారికి మాటాడలేదు. నేఁటి వెదకులాటకారులకు దీనికంటె మంచి పాఠము లేదు. శిథిలమునకు నోరు లేదు. దాని ప్రక్కను బ్రదికిన మనిషికే నోరున్నది.

కాని యీ చిత్రము సాక్ష్యమును జెవి పెట్టి విన్నచో నొక బాధ కలుగును. గౌరి చెప్పు కథలో నాయికయైన రాధ విధవయై పుట్టినింటికి మరలివచ్చును. పడవ నడుపు గోపికిని ఆమెకును గల నిర్మలస్నేహమును లోకము నిందించును. తుదకు వారిరువురును గోదావరి సుడిలో మునిఁగిపోవుదురు. వారి పొత్తు మఱుజన్మమునఁ గాని ఫలింపదు. సావిత్రి, నాగేశ్వరరావు, జమునల నటనకు నేనును గన్నీరు పెట్టినవాఁడనే. అయినను లెక్క చూడుఁడు. 1881 డిసెంబరు 11-వ తేదిని కందుకూరి వీరేశలింగము పంతులుగారు తొలి వితంతువివాహము జరిపించినది ఆ గోదావరి యొడ్డుననే, రాజమహేంద్రవరముననే. ఎనుబదేండ్లు దాఁటిన పిమ్మట ఆ నదియే తెరమీఁద వితంతువునకు సుడి తప్ప వేఱు గతి చూపలేదు. ఆ తీరమున నిజముగా జరిగిన దానికంటెఁ దెరమీఁది కథ వెనుకఁబడినది. స్థలమును వెదకువారు సుడి యెక్కడ యని యడుగుదురు. సుడి నీటిలో లేదు.

రెండేండ్ల క్రిందట వేసవి సెలవులలో మా బంధువుల పిల్లవాఁ డొకఁడు హైదరాబాదునుండి వచ్చి, ఒక ప్రాఁత చిత్రములోని రేవును జూపుమని నన్ను వెంటఁబెట్టుకొని గట్టుమీఁదికిఁ బోయెను. ఫోనులోని బొమ్మను, ఎదుటి యేటిని మార్చి మార్చి చూచుచు మధ్యాహ్నమువఱకుఁ దిరిగితిమి. ఒక పాకముందు తాటిముంజ లమ్ముచున్న వృద్ధురాలు మా యవస్థను గనిపెట్టినది.

“ఏం ఎతుకుతున్నారు బాబూ?”

“ఈ రేవెక్కడుందో తెలుసా మామ్మా?” యని పిల్లవాఁడు బొమ్మ చూపెను.

ఆమె కన్నులు చిట్లించి చూచి నవ్వినది. “ఆ రేవింకెక్కడిది నాయనా? ఎనభయ్యారు వరదలో గట్టుతో సహా పోయింది. అదిగో, అక్కడ నీళ్లున్నాయి సూడు, అదే. ఆరు నిలబడి పాడుతున్నారే, ఆ పడవ నడిపింది మా నాన్న. ఎనకమాల తెడ్డొకటి కనపడతాది సూడు. ఆ తెడ్డు మా నాన్నది.”

పిల్లవాఁడు దృశ్యమును మరల నడిపెను. తెడ్డు నిజముగానే యున్నది. నీటిలో మునుఁగుచు లేచుచున్నది. దానిని బట్టుకొన్న చేతులు మాత్రము చట్రమునకు వెలిగాఁ బోయినవి. ఆ తెడ్డును జూచుటకే చిన్ననాఁడు మూఁడుసార్లు కొత్తపేటకు నడచిపోయి చిత్రము చూచితినని యామె చెప్పినది. మే మిరువురమును గొంతసేపు మాటాడలేదు. మేము వెదకిన రేవు ఏటిలోఁ గలిసినది. మేము వెదకని మనిషి కూఁతురు మా యెదుటనే కూర్చుండి ముంజలు కొట్టి యిచ్చుచున్నది.

ఈ తెడ్డే నా విమర్శకు మూలము. తెరమీఁది కోనసీమలోఁ గొబ్బరితోఁటలు, మండువాలోఁగిళ్లు, ముగ్గులు, కాలువలు నున్నవి. ఆ తోఁటలలోఁ జెట్లెక్కి దింపు తీసినవాఁ డెవఁడు, ఆ లోఁగిలి వెనుక నంట్లు తోమిన దెవరు, ఊరి చివర పేట యెక్కడ? ఇవి చట్రమునకు వెలుపలివి. 2022 ఏప్రిలులోఁ గోనసీమ ప్రత్యేక జిల్లాయయ్యెను. దానికి అంబేద్కరుగారి పేరు చేర్పఁ బూనినప్పుడు, మే 24-వ తేదిని అమలాపురమున నిండ్లు తగులఁబడినవి. పేరు తుదకు నిలిచినది. కాని యా మంటలను జూచి, “ఇంత చల్లని సీమలో నిట్లేల జరిగె” నని దూరపు బంధువులు నన్నడిగిరి. వారి ప్రశ్నకుఁ గారణము వారి యజ్ఞానము కాదు. వారెఱిఁగిన కోనసీమ తెరమీఁదిది. కొప్పు నిజమని నమ్మినవానికిఁ బూలదండ సంగతి యెట్లు తెలియును?

కొవ్వూరు చెంత కుమారదేవమున గోదావరిగట్టున నూఱేండ్లు దాఁటిన నిద్రగన్నేరు మహావృక్ష ముండెను. దాని నీడను దీసిన చిత్రము లన్నియని చెప్పరాదు. “సినిమాచెట్టు” అనియే దానికి పేరు వచ్చినది. 2024 ఆగస్టులో వానలకు, వరదకు నది కూలినది. పత్రికలన్నియు మనిషి పోయినట్లు వార్తలు వ్రాసినవి. దూరమునుండి జనులు వచ్చి చూచి కంటఁ దడి పెట్టిరి. పిమ్మటఁ గొందఱు పూనుకొని చికిత్స చేయింపఁగా మొదలు మరల చిగుర్చినది. చాల సంతోషము. చెట్టునకై వగచుట సంస్కారమే.

అయితే యా చెట్టునకుఁ గొంత యెగువను జూడుఁడు. 1973లో వచ్చిన 'అందాల రాముడు' చిత్రమున రాజమహేంద్రవరమునుండి భద్రాచలమునకుఁ బడవప్రయాణము. పాపికొండల నడుమ నా పడవ సాగుచుండఁగా మనము చూచిన తీరములు పోలవరము జలాశయమునకు లోనగుచున్నవి. దేవీపట్టణము మండలమున నూళ్లకూళ్లే యిప్పటికే వరదనీటఁ జిక్కి ఖాళీయైనవి. ఆ జలాశయమువలన లక్షకుఁ బైఁగాఁ గుటుంబములు తావు తప్పుచున్నవి. వారిలోఁ బెక్కండ్రు కోయలు, కొండరెడ్లు. ఆనకట్ట వలదని నే ననను. కాటన్ దొర యానకట్టవలన నన్నము తిన్న సీమవాఁడను, అట్లనుటకు నాకు మొగము చెల్లదు. నే ననునది యిది: కూలిన చెట్టునకై వచ్చినంతమంది, మునిఁగిన యూళ్లకై రాలేదు. చెట్టును మనము తెరమీఁదఁ జూచితిమి. ఆ యూళ్లు పడవ ప్రక్కనుండి జరిగిపోయినవే గాని, పడవ యచ్చట నాఁగలేదు.

ఇచట నొక యాక్షేపణ రావచ్చును. చలనచిత్రము కావ్యము, చరిత్ర కాదు. కాళిదాసుని యలకాపురమును బటములో వెదకి, లేదని కవిని దప్పుపట్టుదుమా? ఆక్షేపణ న్యాయమైనదే. కవికిఁ గల్పనాధికార మున్నది. బాపుఁ గాని, ఆదుర్తిఁ గాని నేను నిందించుట లేదు. 'సాక్షి' యూరి పిఱికితనమును నిర్మొగమాటముగాఁ జూపినది. 'మూగమనసులు' లోకనిందను లోకమునకే చూపినది. వారు చూపినంత మేలు. లోపము మనది. కావ్యమును గావ్యముగా ననుభవించుట చాలక, దానిని దస్తావేజుగాఁ జేసికొని, చూపనిది లేనేలేదని మనము తీర్పు చెప్పుచున్నాము. సాక్షి చెప్పినది వినవలెను, చెప్పనిది యడుగవలెను. అడుగకయే సాక్షి మాట వ్రాసికొను న్యాయాధిపతి యెట్టివాఁడో, ఆ ప్రేక్షకుఁడును అట్టివాఁడే.

కాఁబట్టి వెదకువారికి నా మనవి యొక్కటే. వెదకుఁడు, ఇంకను బాగుగా వెదకుఁడు. మేడ యెవరిదని యడిగినతోడనే, దాని గోడ పెట్టినవా రెవరని యడుగుఁడు. నాయకుఁడు నిలిచిన చోటు దొరకినచోఁ దెడ్డు పట్టినవాని పేరు వ్రాసికొనుఁడు. మన గ్రామగ్రంథాలయములలో నొక్కొక్క పుస్తకము తెఱచి, ఈ యూర నే చిత్రము లెప్పుడు తీసిరి, అప్పుడు రే వెట్లుండెను, ఎవ రెవరు పని చేసిరి, ఎవరి కే కూలి ముట్టెను, పేటవారి బావి యెక్కడ నుండెను, అని వ్రాయింపవచ్చును. ఇందుకు ధనము పనిలేదు. బడిపిల్లలు చాలుదురు. ఇంటిలోని యవ్వలను మొదట నడుగవలెను. ఏలయన, పురుషులు నటులను జూచుచుండఁగా నూరిని జూచినవారు వారే.

ఆలస్యమునకుఁ దావు లేదు. సావిత్రి 1981లోనే పోయెను. రమణ 2011లోను, నాగేశ్వరరావు, బాపు 2014లోను, విజయనిర్మల 2019లోను, కృష్ణ 2022లోను, జమున 2023లోను వెడలిపోయిరి. వారి ముఖములు తెరమీఁద నున్నవి; వారిని మన మెన్నఁడును మఱవము. ముంజలమ్ము వృద్ధురాలు పోయిన మఱునాఁడు, ఆ తెడ్డు ఎవరిదో చెప్పువారు లోకమున నుండరు. గౌరి లేని సమాధి వట్టి రాయి.

నేఁటికిని సాయంకాలమున మా కొప్పులింగేశ్వరుని గుడికిఁ బోయి దండము పెట్టుకొందును. భక్తునికై బొంకును నిజము చేసిన దయ దేవునికిఁ దగును. మనకు దేవుని దయ లేదు, మనుజుల బాధ్యత మాత్రమున్నది. తలపై నున్న కొప్పును జూచి నమస్కరించిన పిమ్మట, గుడి వెలుపల నిలిచి, ఆ పూలదండ యెవరిదని యడుగుట మన పని.